బోద్రీలో లేవని సర్వర్

"శివాజీ బతికే ఉన్నాడు. మధ్యాహ్నం మూడు గంటల దాకా."

ఆ మాట చెప్పి రాఘవయ్య కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. వ్యాపార్ విహార్‌లో గోడౌన్ల వెనక, 'పార్సిల్ బుకింగ్' అని బోర్డు కట్టుకున్న రెండు గదుల మేడ అది. ఆ బోర్డు నమ్మి ఎవరైనా పార్సిల్ తెస్తే నిజంగానే బుక్ చేసి పంపిస్తారు. దేశ రక్షణ కోసం పనిచేసే గూఢచారి విభాగం ఒకటి పదకొండేళ్లుగా అక్కడే ఉందన్న సంగతి బిలాస్‌పూర్ మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందికే తెలుసు. డైరెక్టర్ రాఘవయ్య వాళ్లలో మొదటివాడు.

ఎదురుగా నిలబడి ఉన్నాడు ఏజెంట్ తిరుమలరావు. అతనికి యాభై రెండేళ్లు. ఈ ఉద్యోగానికి రాకముందు పద్దెనిమిదేళ్లు రైల్వేలో, పట్టాల పైన వేలాడే కరెంటు తీగలు బాగుచేసే గ్యాంగులో పనిచేశాడు. మాట తక్కువ, చెయ్యి నిలకడ.

"ఎవరి దగ్గర సార్?"

"కోబాల్ట్."

విదేశీ ముఠా. బిలాస్‌పూర్ మీదుగా పోయే మిలిటరీ స్పెషల్ రైళ్ల కదలికలు రెండేళ్లుగా సరిహద్దు దాటిస్తోంది. మూడు రోజుల కిందట వాళ్ల మనిషి ఒకణ్ణి వెంబడించి వెళ్లిన శివాజీ తిరిగి రాలేదు. ఆ డ్యూటీ నిజానికి తిరుమలరావుది. ఆ రోజు జ్వరం తగిలి తన శిష్యుణ్ణి పంపాడు.

"ఎక్కడ ఉంచారు?"

"అది తెలిస్తే నిన్ను పిలిచేవాణ్ణి కాదు. ఊళ్లోనే ఎక్కడో. మూడింటికి లారీ ఎక్కిస్తారు. ఎక్కిస్తే మళ్లీ మనకి దొరకడు. ఊరి శివారు బోద్రీలో, కోర్టు పక్క వీధిలో కోబాల్ట్‌కి ఒక ఇల్లుంది. బయటికి అది లాయర్ల కాగితాలు స్కాన్ చేసే షాపు. ఇవాళ మూసి ఉంది. లోపలి గదిలో స్టోరేజ్ సర్వర్. ఇళ్లలో ఫోటోలూ సినిమాలూ దాచుకుంటారే, అలాంటిదే. వాళ్ల స్థావరాలన్నిటి కెమెరా రికార్డింగులు అందులోనే పడతాయి. శివాజీ ఉన్న గది కూడా."

"దాడి చేస్తే?"

"గేటు మీద కెమెరా ఉంది. ఒక్క పోలీసు టోపీ కనిపించినా అక్కడ శివాజీని చంపేస్తారు. నువ్వొక్కడివే వెళ్లాలి. ఇన్వర్టర్ బ్యాటరీలో నీళ్లు పోసే మెకానిక్‌గా."

"సర్వర్ పాస్‌వర్డ్?"

రాఘవయ్య సొరుగులోంచి, బ్యాటరీ నీళ్లు పరీక్షించే గాజుగొట్టం తీశాడు. దాని పైనున్న రబ్బరు బుడ్డిని నొక్కితే వేలి గోరంత పెన్‌డ్రైవ్ అరచేతిలో పడింది.

"దీని పేరు రిలీఫ్. సర్వర్ తన డిస్కులోంచి కాకుండా దీంట్లోంచి లేస్తే చాలు. పాస్‌వర్డ్ అడగదు. కెమెరా బొమ్మలు దానంతటదే తెర మీద వేస్తుంది. ఏ ఇబ్బంది వచ్చినా టెక్నికల్ డెస్క్‌లో రాజశ్రీ లైన్లో ఉంటుంది."

"ఇంట్లోకి దారి?"

"తనూజ."

ఆ పేరు వినగానే ఎవరైనా ఒకసారి జుట్టు సవరించుకుంటారు. కోబాల్ట్‌లో విభాగం నాటిన మనిషి. మూడు పాస్‌పోర్టులు, నల్ల కళ్లద్దాలు, పట్టుచీరలో నడిచి వస్తే ఎదుటివాడు తాను చెబుతున్న మాట మధ్యలో మరిచిపోతాడు.

"తలుపులు తీసి ఉంచుతానంది. శివాజీ ఎక్కడున్నాడో మాత్రం తనకీ తెలీదట," అన్నాడు రాఘవయ్య.

తిరుమలరావు గుమ్మం దగ్గర ఆగాడు. "శివాజీ భార్యకి ఏం చెప్పారు సార్?"

"క్యాంపుకి వెళ్లాడని."

"నేనూ అదే చెప్పాను. 'బాబాయిగారూ, మీరు ఇంత నెమ్మదిగా మాట్లాడితేనే నాకు భయం' అంది శ్వేత."

రాఘవయ్య కళ్లజోడు పెట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

* * *

ఒంటిగంటా ఇరవైకి బోద్రీ వీధి నల్లకోట్లతో నిండి ఉంది. లాయర్లు, గుమస్తాలు, ఫైళ్లు మోసేవాళ్లు, టీ గ్లాసులు. స్కానింగ్ షాపు గేటుకి పది అడుగుల దూరంలో కూరగాయల తోపుడుబండి. బండి వెనక అప్పలనర్సమ్మ. అరవై దాటిన రైల్వే వితంతువు. విభాగంలో అందరికంటే సీనియర్ కాపలా ఏజెంటు. ఆనపకాయల కింద వైర్‌లెస్ సెట్టు దాచింది. తిరుమలరావు చెవిలోని మెషీన్ మాట ఆ సెట్టు దాకా, అక్కణ్ణుంచి ఆఫీసు దాకా పోతుంది.

ఇద్దరు స్టేషన్ మాస్టర్లు ఫోన్లో రైలు అప్పగించుకునేటప్పుడు ఒకరికొకరు రహస్య నంబరు చెప్పుకుంటారు. ఒకసారి వాడిన నంబరు కాగితం మీద కొట్టేస్తారు. విభాగం కోడ్ కూడా అదే పద్ధతి.

"డెబ్బై నాలుగు," అన్నాడు తిరుమలరావు, బెండకాయ విరిచి చూస్తూ.

"ఇరవై తొమ్మిది. ఎల్లు బాబూ. తిన్నావేటి?"

"వచ్చి తింటాను పిన్నీ."

గేటు తీసి ఉంది. వీధి తలుపు తీసి ఉంది. హాలు దాటాక లోపలి గది ఇనప తలుపు కూడా ఓరగా తీసే ఉంది. అతను సంచీతో లోపలికి అడుగుపెట్టాడు. వెనక తలుపు మెత్తగా, దానంతటదే మూసుకుంది. ఎక్కడో మూడు గడియలు ఒకదాని తర్వాత ఒకటి పడ్డాయి.

గోడ మీది ఇంటర్‌కమ్ మాట్లాడింది. "వచ్చారా తిరుమలరావు గారూ? ఉక్కగా ఉంటుందని ఫ్యాన్ వేసి ఉంచాను."

"తలుపు పడిపోయింది తనూజా."

"అచ్ఛా? మంచి తలుపండీ అది. నా ఫోన్‌తో తప్ప తెరుచుకోదు."

అతను నిదానంగా సంచీ కింద పెట్టాడు. "నువ్వు ఎటువైపు?"

"రెండు వైపులవాళ్లూ నన్ను మా మనిషే అనుకుంటారు. ఇవాళ్టికి కోబాల్ట్ వాళ్లది కరెక్టు." చిన్న నవ్వు. "మూడింటి లోపల మావాళ్లతో వస్తాను. శివాజీ పక్కనే మీకూ లారీలో చోటుంచాను."

"నన్ను సర్వర్ పక్కనే వదిలేశావు. భయం లేదా?"

"ఆడుకోండి, టైమ్ పాస్ అవుతుంది. దాన్ని పెన్‌డ్రైవ్‌తో లేపుదామని మా ఎక్స్‌పర్టే వారం రోజులు కూర్చున్నాడు. ఆఖరికి తలనొప్పి మాత్ర వేసుకుని వెళ్లిపోయాడు."

ఇంటర్‌కమ్ ఆగిపోయింది. తిరుమలరావు దాని మీద తువ్వాలు మడిచి కట్టాడు, మాట బయటికి పోకుండా. తర్వాత గది చూశాడు. పది అడుగులకి పది. కిటికీ లేదు. పైకప్పు దగ్గర చెయ్యి దూరేంత వెంటిలేటర్. తలుపు బందులు బయటి వైపున్నాయి. గోడ తట్టి చూస్తే గట్టి కాంక్రీటు. గదిలో కెమెరా మాత్రం లేదు. కెమెరాలన్నీ చూసే గదికి మళ్లీ కెమెరా ఎందుకనుకున్నారేమో. మూలన ఎవరో వదిలేసిన నీళ్ల సీసా, సీలు కూడా తియ్యనిది. ఈ రెండింటికీ అతను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

"పిన్నీ. నన్ను లోపల పెట్టేసింది. తనూజ మన మనిషి కాదు."

"దాని చీర సూసినప్పుడే అనుకున్నాను," అంది అప్పలనర్సమ్మ. "తలుపు పగలగొట్టించమంతావా?"

"వద్దు. గేటు కెమెరా ఉంది. శివాజీ పోతాడు. రాజశ్రీని ఇవ్వు."

* * *

బల్ల మీద నల్లటి డబ్బా, తెర, కీబోర్డు. డబ్బా వెనక పెన్‌డ్రైవ్ పెట్టే రంధ్రాలు నాలుగు. మూడింట్లో రాయిలా గట్టిపడే ఎపాక్సీ జిగురు కూరేశారు. నాలుగోదాంట్లో కీబోర్డు వైరుంది.

"ఒక్క పోర్టే మిగిలింది," అన్నాడు తిరుమలరావు.

"కోయీ బాత్ నహీఁ అంకుల్," అంది రాజశ్రీ. బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు చదవలేదు గాని, మిషన్ల మనసు చదువుతుంది. "కీబోర్డు తీసి రిలీఫ్ పెట్టండి. ఆన్ చెయ్యండి."

చేశాడు. ఫ్యాన్లు గుర్రుమన్నాయి. తెర వెలిగింది. పాస్‌వర్డ్ అడిగింది.

"దాని డిస్కులోంచే లేచింది. అంటే పెన్‌డ్రైవ్‌లోంచి లేచే యూఎస్‌బీ బూట్ బంద్ చేసుంటారు. కీబోర్డు మళ్లీ పెట్టి, ఆన్ అవగానే డిలీట్ కీ కొడుతూ ఉండండి. సెటప్ వస్తుంది."

నీలం తెర వచ్చింది. యూఎస్‌బీ బూట్ ఎదురుగా 'డిసేబుల్డ్'. దాన్ని మార్చాడు. బూట్ వరసలో యూఎస్‌బీని పైకి తెచ్చాడు. ఎఫ్-టెన్ కొట్టి సేవ్ చేశాడు. కీబోర్డు తీశాడు, పెన్‌డ్రైవ్ పెట్టాడు.

మళ్లీ పాస్‌వర్డ్.

సెటప్‌లోకి వెళ్లి చూస్తే యూఎస్‌బీ బూట్ ఎదురుగా మళ్లీ 'డిసేబుల్డ్'. అతను రాసింది ఎవరో తడిగుడ్డతో తుడిచేసినట్టు.

"సేవ్ చేశారా అంకుల్?"

"చేశానమ్మా."

"ఎఫ్-టెన్? యస్?"

"యస్."

"ఫిర్ సే."

ఫిర్ సే. రెండు గంటలయింది. ఇంకోసారి. రెండుంబావు. పెన్‌డ్రైవ్ పాడైందేమోనని రాజశ్రీ తన డెస్క్‌లో దాని జంటని మరో మిషన్‌కి పెట్టి చూసింది. అది లేచింది. వరసలో ఒకటి మార్చి చూశారు, రెండు మార్చి చూశారు. అన్నిసార్లూ సర్వర్ వినయంగా లేచి, పాస్‌వర్డ్ అడిగి, చేతులు కట్టుకుని నిలబడింది.

తిరుమలరావు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. గది చిన్నదవుతున్నట్టనిపించింది. లేచి తలుపుని భుజంతో ఒకసారి తోశాడు, అది కదలదని తెలిసి కూడా. ఈ ఊళ్లోనే ఇంకో మూసిన గదిలో శివాజీ మూడు రోజులుగా ఇదే పని చేస్తుంటాడు. మొదటి రోజు తలుపుని తోస్తాడు. రెండో రోజు అరుస్తాడు. మూడో రోజు గురువు వస్తాడని ఎదురుచూస్తాడు. గురువు ఇక్కడ ఇంకో తలుపు తోస్తున్నాడు.

సీసా తీసి రెండు గుక్కలు తాగాడు. నీళ్లు చల్లగా లేవు. మళ్లీ డబ్బా ముందు కూర్చున్నాడు.

"అంకుల్, మీరు ఏం చేస్తున్నారో మొదటి నుంచి చెప్పండి. ఒక్కటీ వదలకుండా."

"సెటప్‌లోకి వెళ్తాను. యూఎస్‌బీ తెరుస్తాను. పైకి తెస్తాను. సేవ్ చేస్తాను. కీబోర్డు తీస్తాను. రిలీఫ్ పెడతాను. లేస్తుంది. అంతే."

"సబ్ ఠీక్ హై. మరి ఎందుకు..." రాజశ్రీ గొంతులో మొదటిసారి ఏడుపు వినిపించింది.

"ఒరే తిరుమలా," అంది అప్పలనర్సమ్మ మధ్యలో దూరి. "ఇందాకట్నుంచి అడుగుదారనుకుంతన్నాను. నీ కాడ ఏటది, టక్కుమంతంది? రెండు సార్లేసి?"

"ఎక్కడ పిన్నీ?"

"నువ్వు సేవ్ అంతావు. ఎంటనే టక్. కాసేపాగి మళ్లీ టక్."

"ఓ, అదా. గోడ స్విచ్. పోర్టు ముట్టుకునే ముందు కట్టేస్తాను కదా."

"అంకుల్," అంది రాజశ్రీ, చాలా జాగ్రత్తగా. "మీరు ప్రతిసారీ మెయిన్ ఆఫ్ చేస్తున్నారా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"అదేం చెప్పడమమ్మా? కరెంటుండగా ఎవరైనా చెయ్యి పెడతారా?"

అతనికి అది పనిలో ఒక మెట్టని ఎప్పుడూ తోచలేదు. ఊపిరి పీల్చానని ఎవరైనా రిపోర్టులో రాస్తారా? రైల్వే తీగల గ్యాంగులో పవర్ బ్లాక్ తీసుకోనిదే నిచ్చెన కూడా ఎత్తరు. కరెంటు కట్టేశారని కాగితం చేతికొచ్చాకే పైకెక్కడం.

"సెటప్ తెర మీద మూలన డేట్ చూడండి."

చూశాడు. "జనవరి ఒకటి. రెండువేల పదకొండు. టైమ్ పన్నెండూ మూడు నిమిషాలు."

"మిల్ గయా! దొరికింది!" రాజశ్రీ దాదాపు అరిచింది. "అంకుల్, లోపల రూపాయి బిళ్లంత సెల్ ఒకటుంటుంది. మెయిన్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సెట్టింగులు గుర్తుపెట్టుకునేది అదే. అది చచ్చిపోయింది. కరెంటు పోతే చాలు, మీరు మార్చిందంతా మరిచిపోయి మళ్లీ 'డిసేబుల్డ్'కి వెళ్లిపోతోంది. మీరు చెప్పిన వాళ్ల ఎక్స్‌పర్ట్ కూడా ఇక్కడే తప్పి ఉంటాడు. ఈసారి సేవ్ కొట్టండి. అది దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, కరెంటు పోదు. ఆ ఇరవై సెకన్లలో కీబోర్డు పీకి రిలీఫ్ పెట్టెయ్యండి. స్విచ్ ముట్టుకోవద్దు."

"కరెంటుండగా."

"కరెంటుండగా."

టైమ్ రెండూ నలభై ఒకటి.

* * *

అతను సెటప్ తెరిచి అంతా మార్చాడు. ఎఫ్-టెన్ మీద వేలుంచాడు. రెండో చెయ్యి డబ్బా వెనక్కి పోవాలి. పోలేదు.

ఇరవై రెండేళ్ల కిందట ఒక సైడింగ్‌లో, కరెంటు ఆగిందనుకుని తీగ మీద చెయ్యి వేసిన మేస్త్రీని అతను నిచ్చెన కింద నిలబడి చూశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో బల్బు మార్చాలన్నా మెయిన్ తియ్యకుండా మార్చలేదు. ఆ చెయ్యి ఇప్పుడు బల్ల అంచు పట్టుకుని, నా వల్ల కాదంటోంది.

"అందులో ఐదు వోల్టులే అంకుల్. పిల్లలు కూడా పెడతారు."

"నా చేతికి ఇరవై ఐదువేలు తప్ప వేరే లెక్క తెలీదమ్మా."

"తిరుమలా," అంది అప్పలనర్సమ్మ గొంతు తగ్గించి. "కారొచ్చింది. దిగింది మహాతల్లి. ఎనకాల ఇద్దరు ఏనుగు గున్నల్లాటోళ్లు. నాను ఆపుతాను. నువ్వు కానీ."

చెవిలో చక్రం కిర్రుమంది. తర్వాత పెద్ద చప్పుడు. టమాటాలు రోడ్డు మీద దొర్లుతున్న శబ్దం.

"అరే! ఠేలా హటావ్!" తనూజ గొంతు.

"ఎలా తీసేది మేడమ్? చక్కా నికల్ గయా! మీ కారు తగిలే చక్రం ఊడింది! పైసా దేవ్, నహీఁ తో ఇక్కడే కూర్చుంటా!"

"మేం ముట్టుకోనే లేదు!"

"అయ్యో, అందరూ చూడండి బాబూ! ముసల్దాన్ని పట్టుకుని అబద్ధమాడతంది! ఓ వకీల్ సాబ్! ఆప్ బోలో!"

గేటు ముందు వకీళ్లకి ఏ లోటూ లేదు. ఎవరో తప్పు కారుదేనన్నారు. ఇంకెవరో కాదన్నారు. వాదన మొదలైంది.

తిరుమలరావు కళ్లు మూసుకున్నాడు. శ్వేత గొంతు గుర్తొచ్చింది. ఈసారి ఆమెకి నిజం చెప్పాలి, వేగంగా చెప్పాలి. కళ్లు తెరిచి ఎఫ్-టెన్ కొట్టాడు. యస్. ఎంటర్.

తెర నల్లబడింది. ఫ్యాన్లు ఆగలేదు. అతని చెయ్యి అలవాటు కొద్దీ గోడ స్విచ్ వైపు లేచింది. రెండో చేత్తో ఆ మణికట్టుని పట్టుకుని, డబ్బా వెనక్కి లాక్కుపోయాడు. కీబోర్డు వైరు పీకాడు. ఏమీ కాలేదు. పెన్‌డ్రైవ్ పెట్టాడు, తిరగేసి పెట్టాడు కాబోలు దూరలేదు. తిప్పి పెట్టాడు. దూరింది. ఏమీ కాలేదు.

తెర మీద ఒక గీత. రెండు గీతలు. తర్వాత ఆకుపచ్చ అక్షరాలు వరదలా దిగాయి.

"లేచింది," అన్నాడు. ఆ మాట తనకే వినిపించలేదు.

తెర నాలుగు ముక్కలైంది. మొదటిది ఈ ఇంటి గేటు. రెండోది ఖాళీ వరండా. మూడోది ఏదో మెట్లు. నాలుగోదాంట్లో వెల్లుల్లి బస్తాలు, బస్తాల మధ్య కుర్చీ, కుర్చీకి కట్టేసిన మనిషి. తల వాలిపోయింది. పొద్దున తొమ్మిదింటి రికార్డింగ్. చూస్తుండగానే ఆ మనిషి తల ఎత్తి, కెమెరా వైపు చూసి, నాలుక చాపి వెక్కిరించాడు.

తిరుమలరావు గట్టిగా నవ్వాడు. నవ్వుతుంటే కళ్లు మసకబారాయి. "శివాజీయే. బతికే ఉన్నాడు. వెనక స్తంభం మీద నంబరు. వి.వి. నలభై ఒకటి."

లైన్లోకి రాఘవయ్య వచ్చాడు. "వ్యాపార్ విహార్, నలభై ఒకటో గోడౌనా? నిన్న సాయంత్రం ఆ గోడకి ఆనుకునే నేను టీ తాగాను!" కుర్చీ పడిన చప్పుడు. మెట్ల మీద బూట్ల పరుగు.

రెండూ యాభై మూడు.

వీధిలో వాదన తగ్గింది. గేటు తెరుచుకుంది. హాల్లో హైహీల్స్ టకటకమంటూ వచ్చి ఇనప తలుపు అవతల ఆగాయి. వెనక బరువైన అడుగులు.

"రెడీయేనా తిరుమలరావు గారూ? లారీ స్టార్ట్ చేశారట."

అతను బ్యాటరీ గాజుగొట్టం పిడికిట్లో బిగించి తలుపు పక్కకి నిలబడ్డాడు. ఇద్దరు గున్నలకి ఒక గాజుగొట్టం. మొదటి గడియ తెరుచుకుంది. రెండో గడియ తెరుచుకుంది.

ఆమె ఫోన్ మోగింది.

"హా, బోలో." అవతలి గొంతు మాట మధ్యలో తెగిపోవడం తలుపు ఇవతలికి కూడా తెలిసింది.

రెండూ యాభై తొమ్మిదికి నలభై ఒకటో నంబరు షట్టర్ పైకి లేచింది. కదలబోతున్న లారీకి అడ్డంగా 'పార్సిల్ బుకింగ్' వ్యాను నిలబడింది. ఆ సంగతి తిరుమలరావుకి తర్వాత తెలిసింది. అప్పటికి అతను విన్నది ఫోన్ నేలకేసి కొట్టి మడమతో నలిపిన చప్పుడు, పరిగెడుతున్న హీల్స్, ఆ తర్వాత చెవిలో అప్పలనర్సమ్మ.

"పట్టీసేరు! టీ కొట్టు కాడ నలుగురు నల్లకోట్లోళ్లు మనోళ్లేనట్రా! నాకు కూడా చెప్పలేదు, సచ్చినోళ్లు!"

"శివాజీ?"

"నడుస్తన్నాడట. బాగున్నాడు. ఆకలి, ఆకలి అంతన్నాడట."

తిరుమలరావు గోడకి వీపు ఆన్చి నేల మీద కూర్చున్నాడు. తనూజ వేసిన ఫ్యాన్ తల మీద నిదానంగా తిరుగుతోంది. మిగిలిన నీళ్లు తాగేశాడు.

తలుపు తెరిచే ఫోన్ నలభై ముక్కలయింది. మూడో గడియ పడే ఉంది. తాళం కంపెనీ మనిషి రాయ్‌పూర్ నుంచి రావాలన్నారు. గ్యాస్ కట్టర్ అయినా చూద్దామంటే సిలిండర్ ఖాళీ అన్నారు. నాలుగున్నరకి చెవిలో బొంగురు గొంతొకటి పలికింది.

"గురూగారూ, భోంచేశారా?"

"శ్వేతతో మాట్లాడావా?"

"మాట్లాడాను. ఏడ్చింది. తర్వాత తిట్టింది. ఇప్పుడు మామూలైపోయింది."

"మరి ఆసుపత్రికి వెళ్లక ఈ లైన్లో నీకేం పని?"

"మీ తలుపు తెరిపించే డ్యూటీ నాకే వేశారండీ. మూసిన గదిలో మూడు రోజుల అనుభవం ఉన్నవాడు డిపార్ట్‌మెంట్‌లో నేనొక్కణ్ణేనట."